స్కాన్ సెంటర్ సీడీలో ఫైళ్ల పేర్లు అలా ఎందుకుంటాయి?

ఎమ్మారై తీయించుకుని బయటికొచ్చేటప్పుడు పెద్ద కవర్లో ఫిల్ములతో పాటు ఒక సీడీ కూడా పెట్టి ఇస్తుంటారు. ఇంటికొచ్చాక ఆత్రం కొద్దీ దాన్ని కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఏమీ అర్థం కాదు. ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు, అంకెలు. ఏ పేరూ ఎనిమిది అక్షరాలు దాటదు. ఫైళ్ల చివర జేపీజీ, పీడీఎఫ్ లాంటి తోకలుండవు. పేషెంటు పేరు ఎక్కడా కనిపించదు. వైరస్ పట్టిందేమోనని టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు.

నిజానికి ఇంత జాగ్రత్తగా పేర్లు పెట్టిన సీడీ ఇంట్లో ఇంకోటి ఉండకపోవచ్చు. వైద్య చిత్రాల కోసం అన్ని దేశాల్లోనూ వాడే డైకామ్ ప్రమాణం సీడీ మీది పేర్లను కావాలనే అంత ఇరుకుగా కట్టేసింది. ఏ నుంచి జెడ్ దాకా పెద్దబడి, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక అండర్‌స్కోర్. అంతకుమించి వాడకూడదు. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా ఎంత లోపలికి వెళ్లినా ఫైల్‌తో కలిపి ఎనిమిది మెట్లు దాటకూడదు. పేషెంటు ఎవరు, ఏ రోజున ఏ స్కాన్ తీశారు అన్న వివరాల జాబితా డైకామ్‌డిర్ అనే ఒకే ఒక సూచిక ఫైల్‌లో ఉంటుంది. విండోస్ అయినా, మ్యాక్ అయినా, లినక్స్ అయినా డైకామ్ చదివే సాఫ్ట్‌వేర్ ఆ సూచికను పట్టుకుని బొమ్మలన్నింటినీ వరసలో పెట్టేస్తుంది.

అదే బీరువాలో ఉన్న పెళ్లి ఫోటోల డీవీడీ సంగతి వేరు. సొంత కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటుంది. చుట్టాలింట్లో మ్యాక్‌లో పెడితే కొన్ని పేర్లు సగానికి తెగిపోయి ఉంటాయి. ఇంకోచోట అసలు ఖాళీ డిస్క్ అంటుంది. రెండింటినీ రాసింది లేజరే, పళ్లేలు కూడా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గీతలు పడ్డవీ పాడైపోయినవీ పక్కన పెడితే, ఒక కంప్యూటర్‌లో తెరుచుకుని ఇంకోదాంట్లో తెరుచుకోని డిస్కుల గొడవ చాలావరకు డేటా గొడవ కాదు. ఆ డేటాకు రాసిపెట్టిన సూచిక గొడవ.

సీడీ పుట్టింది పాటల కోసం. 1982లో మార్కెట్లోకి వచ్చింది. కంప్యూటర్ డేటాను కూడా దాని మీద పెట్టొచ్చని త్వరలోనే తేలింది కానీ, ఒక్కో సెక్టారులో (డిస్క్ మీది ఒక చిన్న గడిలో) 2048 బైట్లు పడతాయన్నంత వరకే ఒప్పందం కుదిరింది. ఆ బైట్లలో ఏ ఫైల్ ఎక్కడ మొదలవుతుంది, దాని పేరేమిటి అన్నది ఎవరిష్టం వాళ్లదిగా ఉండేది. ఒక కంపెనీ సీడీ ఇంకో కంపెనీ మెషీన్‌కు అర్థమయ్యేది కాదు. ఈ గొడవ తేల్చుకోవడానికి యాపిల్, మైక్రోసాఫ్ట్, డిజిటల్, హిటాచీ, ఫిలిప్స్, సోనీ, 3ఎం వంటి సంస్థల ప్రతినిధులు 1985లో అమెరికాలోని లేక్ టాహో దగ్గర హై సియెర్రా అనే కసీనో హోటల్లో సమావేశమయ్యారు. వాళ్లు తేల్చిన ఫార్మాట్‌కు ఆ హోటల్ పేరే పడింది. దాన్నే కొద్ది మార్పులతో ఐరోపా ప్రమాణాల సంస్థ ఎక్మా 1986లో, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1988లో ఆమోదించాయి. అదే ఐఎస్‌ఓ 9660. ఇప్పటికీ డిస్క్‌లో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా పట్టి ఉంచే డిస్క్ ఇమేజ్ ఫైల్‌ను 'ఐఎస్ఓ' అని పిలుస్తున్నామంటే ఆ పేరు నుంచే.

పోటీదారులంతా ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుందో చూడాలంటే ఈ ఫార్మాట్ లోపల అంకెలు రాసే తీరు చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్లు ఒక సంఖ్యలోని చిన్న విలువ బైట్‌ను ముందు రాస్తాయి. అప్పటి మ్యాకింటోష్‌లలో ఉన్న మోటరోలా ప్రాసెసర్లు పెద్ద విలువ బైట్‌ను ముందు రాస్తాయి. ఎవరి పద్ధతి ఖాయం చేయాలి? తగువు తీర్చడం కంటే ఇద్దరినీ సంతోషపెట్టడం తేలికనుకున్నట్టున్నారు. ఫైల్ సైజు, అది మొదలయ్యే చోటు వంటి ముఖ్యమైన సంఖ్యలను రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కనే రెండుసార్లు రాయాలని పెట్టేశారు. ఇప్పటికీ ప్రతి ఐఎస్‌ఓ డిస్క్ మీదా ఆ సంఖ్యలు అలా జంటగానే ఉంటాయి. ఎవరికి కావలసిన సగాన్ని వాళ్లు చదువుకుంటారు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. డిస్క్ మొదట్లో 16 సెక్టార్లు, అంటే 32,768 బైట్లు, ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు. ఐఎస్‌ఓ చదివేవాళ్లు సరాసరి ఆ తర్వాతి సెక్టారుకు వెళ్లి అక్కడ 'సీడీ001' అన్న గుర్తు ఉందా అని చూస్తారు. ముందున్న ఖాళీ జాగాను తర్వాత్తర్వాత యాపిల్ తన డిస్క్ పట్టిక పెట్టుకోవడానికి వాడుకుంది. లినక్స్ ఇన్‌స్టలేషన్ ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఉన్నదున్నట్టు కాపీ చేసినా కంప్యూటర్ దాన్నుంచి బూట్ అవుతోందంటే, అదీ ఈ ఖాళీ జాగా పుణ్యమే.

పేర్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరిలోకీ బలహీనుడు నడవగలిగినంత దూరమే అందరూ నడవాలన్నారు. అప్పట్లో ఆ బలహీనుడు మైక్రోసాఫ్ట్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్ డాస్. అందుకే మొదటి స్థాయి ఐఎస్‌ఓలో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. చిన్నబడి అక్షరాలు లేవు, ఖాళీలు లేవు, హైఫన్ కూడా లేదు. ఫోల్డర్ల లోతు ఎనిమిది. రెండో స్థాయిలో పేరు 31 అక్షరాల దాకా పెరిగింది. ప్రతి ఫైల్ పేరు చివరా సెమీకోలన్, వెర్షన్ అంకె (మామూలుగా ఒకటి) ఉండాలన్నది ఇంకో నియమం. అది డిజిటల్ కంపెనీ వీఎంఎస్ సిస్టమ్ అలవాటు. ఒకే ఫైల్‌కు ఎన్నో వెర్షన్లు అన్న ఆలోచన, ఒక్కసారి రాస్తే మళ్లీ చెరపలేని సీడీ మీద! ఆ తోక ఇప్పటికీ డిస్కుల మీద ఉంది. దాన్ని మనకు చూపించకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌లే కత్తిరించేస్తాయి.

విండోస్ 95తో పొడవైన పేర్లు వచ్చాక ఈ ఇరుకు ఎవరికీ సరిపోలేదు. ఉన్న ప్రమాణాన్ని పాడుచేయకుండా మైక్రోసాఫ్ట్ ఒక ఉపాయం వేసింది. ఒక పుస్తకానికి ముందు ఒక విషయసూచిక ఉంది. దాన్ని అలాగే ఉంచి, వేరే లిపిలో ఇంకో విషయసూచిక అచ్చువేసి కుట్టేస్తే? అధ్యాయాలు అవే, పేజీ నంబర్లు అవే, పేర్లు మాత్రం పూర్తిగా ఉంటాయి. జోలియట్ అంటే అదే. అన్ని భాషల లిపులకూ చోటున్న యూనికోడ్‌లో 64 అక్షరాల దాకా పేర్లు రాసుకునే రెండో సూచిక. లినక్స్‌కు పూర్వీకుడైన యునిక్స్ లోకం అదే సమస్యను ఇంకోలా తీర్చుకుంది. రాక్ రిడ్జ్ అనే పద్ధతిలో కొత్త సూచిక ఉండదు. మొదటి సూచికలోనే ఒక్కో పేరు వెనక మిగిలే జాగాలో పెన్సిల్‌తో రాసుకున్నట్టు అసలు పేరు, ఓనర్ ఎవరు, ఎవరికి చదివే అనుమతి ఉంది, ఇది ఇంకో ఫైల్‌కు లింకా అన్నవి రాసిపెడతారు. పేరు 255 బైట్ల దాకా ఉండొచ్చు.

ఇక్కడ గమనించాల్సింది, డేటా మాత్రం డిస్క్ మీద ఒక్కసారే ఉంటుంది. సూచికలు ఎన్ని ఉన్నా పట్టే జాగా ఫోటోలూ వీడియోల ముందు లెక్కలోకి రానంత. అందుకే బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో జోలియట్, రాక్ రిడ్జ్ అని రెండు పెట్టెలు కనిపిస్తే ఏది టిక్ చేయాలి అన్న సందేహమే అనవసరం. రెండూ చేయాలి. విండోస్‌కు రాక్ రిడ్జ్ తెలియదు, జోలియట్ చూస్తుంది. లినక్స్ రెండూ ఉంటే రాక్ రిడ్జ్ వైపు మొగ్గుతుంది. పాత డీవీడీ ప్లేయర్లు, కారు స్టీరియోలు చాలావరకు మొదటి సూచికతోనే సరిపెట్టుకుంటాయి. ఒకే డిస్క్ మూడు చోట్ల మూడు రకాల పేర్లతో కనిపించడం ఇందువల్లే. జోలియట్ లేని డిస్క్‌ను విండోస్‌లో పెడితే పేర్లన్నీ పెద్దబడిలో మొండిగా కనిపిస్తాయి. రెండూ లేని డిస్క్‌ను లినక్స్‌లో పెడితే అదే పేరును చిన్నబడిలోకి మార్చి చూపిస్తుంది. ఈ చివరి మార్పు చిన్నదే అనిపిస్తుంది కానీ, ఒక వెబ్‌సైట్ మొత్తాన్ని ఫోల్డర్‌గా డిస్క్‌లోకి ఎక్కిస్తే తెలుస్తుంది దాని దెబ్బ. పేజీలోని లింకు పెద్దబడిలో ఉండి, ఫైల్ చిన్నబడిలో కనిపిస్తే విండోస్ పట్టించుకోదు, లినక్స్ మాత్రం ఆ ఫైల్ లేదంటుంది.

రాక్ రిడ్జ్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. యునిక్స్ అనుమతులను అది ఎంత నమ్మకంగా భద్రపరుస్తుందంటే, సొంత కంప్యూటర్‌లో 'నేను తప్ప ఎవరూ చదవకూడదు' అని పెట్టుకున్న ఫైల్ డిస్క్ మీదా అలాగే ఉండిపోతుంది. ఇంకో లినక్స్ కంప్యూటర్‌లో పెట్టినవాళ్లకు పేరు కనిపిస్తుంది, తెరవబోతే అనుమతి లేదని వస్తుంది. అందుకే ఐఎస్‌ఓ తయారుచేసే ఎంకేఐసోఎఫ్‌ఎస్, దాని దారిలో వచ్చిన జెన్‌ఐసోఇమేజ్ వంటి టూల్స్‌లో రాక్ రిడ్జ్‌కు రెండు ఆప్షన్లు ఉన్నాయి. పెద్దబడి ఆర్ ఉన్నదున్నట్టు రాస్తుంది. చిన్నబడి ఆర్ అందరూ చదివేలా మార్చి రాస్తుంది. ఎవరికైనా ఇచ్చే డిస్క్‌కు చిన్నబడి ఆర్ వాడాలి. ఒక్క అక్షరం తేడాతో డిస్క్ పనికిరాకుండా పోవడం అంటే ఇదే.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఈ 64, 255 అన్న అంకెలు అచ్చంగా ఆ అర్థంలో వర్తించవు. కంప్యూటర్ లెక్కలో అక్షరం వేరు, మన లెక్కలో అక్షరం వేరు. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు. యూనికోడ్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. 'మా అక్క పెళ్ళి ఫోటోలు' అన్న ఫోల్డర్ పేరులో మనకు కనిపించేవి ఎనిమిది అక్షరాలు, మూడు ఖాళీలు. జోలియట్ దాన్ని 21గా లెక్కపెడుతుంది. రాక్ రిడ్జ్ బైట్లలో కొలుస్తుంది, లినక్స్ వాడే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. అంటే అదే పేరుకు 57 బైట్లు. తేదీ, ఊరు, ఎవరి వైపు ఫోటోలు అన్నది కూడా కలిపి పేరు పెడితే జోలియట్ గీత దాటిపోవడం పెద్ద కష్టమేం కాదు. దాటితే కొన్ని సాఫ్ట్‌వేర్లు వారిస్తాయి, కొన్ని నిశ్శబ్దంగా కోసేస్తాయి. కోత పొల్లు దగ్గర పడితే పేరు చివర వింత రూపం మిగులుతుంది.

ఇంకా సూక్ష్మమైనవీ ఉన్నాయి. 'హైదరాబాద్‌లో' అని రాసినప్పుడు పొల్లుకూ 'లో'కూ మధ్య కంటికి కనపడని ఒక గుర్తును కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. చదివేవాళ్లకు ఒకే మాటైనా కంప్యూటర్‌కు అవి వేర్వేరు పేర్లు. అదే మాటలో 'హై' దగ్గర ఇంకో ముడి ఉంది. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. రెండూ సమానమే అని యూనికోడ్ చెబుతుంది. మ్యాక్‌లో ఏళ్లతరబడి నడిచిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) పేర్లను విడదీసి రెండు గుర్తులుగానే దాచేది. బర్న్ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ కలపకుండా అలాగే డిస్క్ మీదికి ఎక్కిస్తే, విండోస్‌లో 'హైదరాబాద్' అని వెతికినప్పుడు కళ్లముందున్న ఫోల్డర్ దొరక్కపోవచ్చు.

దీనికి మందు స్కాన్ సెంటర్ సీడీలోనే ఉంది. ఫోల్డర్లకూ ఫైళ్లకూ చిన్న ఇంగ్లిషు పేర్లు, అంకెలు పెట్టి, ఏ అంకె ఏ ఫోటో అన్నది తెలుగులో ఒక టెక్స్ట్ ఫైల్‌లోనో, బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీగానో రాసి పైన పెట్టడం. ఇంటి ఫోటోలకు ఇంత తతంగం ఎందుకనిపించవచ్చు. పంచాయతీ రికార్డులో, తాతగారి చేతిరాత పద్యాల స్కాన్‌లో అయితే, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచేవాళ్ల కంప్యూటర్ ఏదో ఇప్పుడు చెప్పలేం కాబట్టి, ఆ శ్రమకు అర్థం ఉంది.

మ్యాక్ కథ కొంచెం వేరు. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్ నుంచి ఫోల్డర్‌ను నేరుగా బర్న్ చేస్తే విండోస్‌కూ అందే మిశ్రమ రూపంలో రాస్తుంది. అదే ఫోల్డర్‌ను డిస్క్ యుటిలిటీలో మామూలు ఇమేజ్‌గా చేసి రాస్తే అది మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఒక్కదానితోనే ఉండిపోవచ్చు. అప్పుడు విండోస్‌కు దాంట్లో ఏమీ కనిపించదు. మ్యాక్ పేర్లలో ప్రశ్నార్థకం, డబుల్ కొటేషన్ గుర్తులు చెల్లుతాయి. విండోస్‌లో చెల్లవు. మ్యాక్‌లో తయారైన డిస్కుల్లో చుక్కతో మొదలయ్యే చిల్లర ఫైళ్లు విండోస్‌లో బయటపడతాయి. చెత్తలా ఉన్నా హాని లేదు. పాత మ్యాక్ డిస్కులు దాచుకున్నవాళ్లకు ఉన్న అసలు ప్రమాదం వేరు. 1980ల నాటి మొదటి హెచ్‌ఎఫ్‌ఎస్‌ను చదవడం యాపిల్ 2019లో వచ్చిన మ్యాక్ వెర్షన్ క్యాటలీనా నుంచి ఆపేసింది. అంటే మ్యాక్ కోసమే రాసిన పాత సీడీ కొత్త మ్యాక్‌లోనే తెరుచుకోదు. అదే కాలపు ఐఎస్‌ఓ సీడీ హాయిగా తెరుచుకుంటుంది.

డీవీడీలతో యూడీఎఫ్ అనే ఇంకో డిస్క్ ఫార్మాట్ వచ్చింది. ఐఎస్‌ఓలో ఫైల్ సైజు రాసే గడి 32 బిట్లు, కాబట్టి ఒక ముక్క 4 జీబీ దాటలేదు. ముక్కలుగా రాసే వెసులుబాటు మూడో స్థాయిలో ఉంది కానీ చదివే సాఫ్ట్‌వేర్లన్నీ వాటిని సరిగ్గా అతికించవు. యూడీఎఫ్‌కు ఆ బాధ లేదు. పొడవైన పేర్లు, యూనికోడ్ అన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. ఒక్క సూచికతో అందరికీ సరిపోవాల్సిన ఫార్మాట్ ఇది. దాన్నీ వెర్షన్లు చెడగొట్టాయి. సినిమా డీవీడీలు 1.02 వాడతాయి, పక్కనే ఐఎస్‌ఓ సూచిక కూడా ఉంచుకుంటాయి. బ్లూరే సినిమాలు 2.50కి వెళ్లాయి. విండోస్ ఎక్స్‌పీ 2.01 దాకానే చదువుతుంది. ఎవరి దగ్గర ఏముందో తెలియనప్పుడు 1.02, దాంతో పాటు ఐఎస్‌ఓ అన్న పాత జోడీనే మేలు. 4 జీబీ దాటిన వీడియో ఫైల్ ఉంటే తప్ప మామూలు ఫోల్డర్లకు ఐఎస్‌ఓ, జోలియట్, రాక్ రిడ్జ్ చాలు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది మాత్రం విండోస్ అడిగే ఒక ప్రశ్న. ఖాళీ డిస్క్ పెట్టగానే, దీన్ని పెన్‌డ్రైవ్‌లా వాడతారా, సీడీ, డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ అన్న మాట అందరికీ తెలిసిందే కాబట్టి అదే నొక్కేస్తారు. అప్పుడు విండోస్ యూడీఎఫ్‌లో కొంచెం కొంచెంగా రాస్తూ పోతుంది, ఫైల్ చెరిపే వీలు కూడా ఇస్తుంది. నిజానికి ఒక్కసారి మాత్రమే రాయగలిగే డిస్క్ మీద చెరిపినట్టు నటించడమే అది. జాగా తిరిగి రాదు. ఇతర సిస్టమ్‌లు అలాంటి డిస్క్‌తో తంటాలు పడతాయి, సెషన్ (ఒక విడత రాత) మూయకుండా బయటికి తీస్తే మరీనూ. రెండోది ఎంచుకుంటే ఫైళ్లన్నీ ముందు ఒకచోట పోగేసి, చివర్లో ఒకేసారి రాసి మూస్తుంది. ఇతరులకు ఇచ్చే డిస్క్‌కు ఇదే సరైనది. ఆ ప్రశ్నలో 'వేరే కంప్యూటర్‌లో కూడా తెరుచుకోవాలా' అని అడిగి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

విడతలవారీగా రాయడం, అంటే మల్టీసెషన్, సీడీలు ఖరీదుగా ఉన్న రోజుల్లో పుట్టిన పొదుపు. మొదటి సెషన్ మూసి రెండోది తెరవడానికి 22 ఎంబీ, ఆ తర్వాత ఒక్కోదానికి 13 ఎంబీ దాకా పోతుంది. 700 ఎంబీ సీడీలో అది తక్కువేం కాదు. పైగా రెండో విడత రాసేటప్పుడు మొదటి విడత సూచికను కలుపుకోకపోతే పాత ఫైళ్లు డిస్క్ మీద ఉండి కూడా కనిపించవు. పోయాయనుకుని డిస్క్ పారేసినవాళ్లు ఉన్నారు. సెషన్‌ను ఎంచుకునే వీలున్న సాఫ్ట్‌వేర్‌తో వాటిని బయటికి తీయొచ్చు.

సూచికలన్నీ సరిగ్గా కుదిరాక కూడా మిగిలేది ఇంకొకటుంది. ఫైల్ కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైపు చేయించిన పెళ్లి శుభలేఖ, సావనీర్ ఫైళ్లు ఏ సిస్టమ్‌లోనైనా కాపీ అవుతాయి. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. డిస్క్ ఫార్మాట్ దీనికి చేయగలిగిందేమీ లేదు. పక్కన ఒక పీడీఎఫ్ కూడా ఎక్కించాలి. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లను బర్న్ చేసి అసలు ఫైళ్లు ఎక్కాయనుకోవడం ఇంకో పాత పొరపాటు.

రాసే ముందు ఐఎస్‌ఓ ఇమేజ్‌గా తయారుచేసి చూసుకుంటే డిస్క్ వృథా కాదు. విండోస్ 8 నుంచి ఇమేజ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. మ్యాక్, లినక్స్‌లలోనూ అంతే. అదే ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఇంకో సిస్టమ్ ఉన్నవాళ్ల దగ్గర తెరిపించి, పేర్లు చూసి, లోపలి ఫోల్డర్ ఒకటి వాళ్ల కంప్యూటర్‌లోకి కాపీ కూడా చేయించాలి. మామూలుగా విండోస్‌లో ఫైల్ అడ్రస్ మొత్తం 260 అక్షరాలు దాటకూడదు. డిస్క్ మీద పొట్టిగా ఉన్న దారి, యూజర్ ఫోల్డర్ లోపలికి వెళ్లాక పొడవై ఆగిపోతుంది.

కోర్టుకు ఇచ్చే డిస్కుల విషయంలో ఇలా సరిచూసుకునే పని ఇప్పుడు చట్టంలోకే వచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ256 వంటి లెక్కతో ఫైల్‌కు వచ్చే వేలిముద్ర అది. ఇది ఫైల్ లోపలి బైట్ల మీద కట్టే లెక్క, పేరు దాంట్లోకి రాదు. కాబట్టి ఒక చోట పేరు తెగినా, ఇంకోచోట పెద్దబడిలోకి మారినా హ్యాష్ మారదు. ఇంటి డిస్కులకూ ఇదే జాబితా ఒకటి రాసి పెట్టుకుంటే, పేర్లు గల్లంతైన డిస్క్‌లోంచి ఏ ఫైల్ ఏదో దాన్ని బట్టే తేల్చుకోవచ్చు. ఆ జాబితా ఫైల్ పేరు మాత్రం ఎనిమిది అక్షరాల్లోపు, ఇంగ్లిషు పెద్దబడిలో ఉండాలి.